కింది అరలోది అల్లం కాదు

అమ్మాయీ,

పెద్ద వరద వచ్చిన ఏడాది, కొండల మీంచి కొట్టుకొచ్చిన ఆర్కిడ్ గడ్డల్ని మీ అత్తయ్య మన పెరట్లో ఒండ్రులోంచి ఏరింది. చూడ్డానికి అచ్చం అల్లమే. అవి చలి మొక్కలు, మన చలి వాటికి ఏ మూలకీ రాదు. అందుకే శీతాకాలమంతా ఫ్రిజ్ కింది అరలో తడి ఇసుక డబ్బాలో ఉంచి, ఎండలు ముదరకముందే నాటుతాను. నేను మా అక్క దగ్గరికి వెళుతున్నాను. వచ్చేదాకా ఇసుక ఎండనివ్వకు. నీళ్లు పోయొద్దు, చెయ్యి తడిపి చిలకరిస్తే చాలు.

నిన్న టీలో నువ్వు దంచి వేసింది ఆ గడ్డే. "ఈ అల్లానికి ఘాటే లేదు మామయ్యా, కొట్టువాడు మనకి టోపీ పెట్టాడు" అన్నావు. పాపం, అతన్ని తిట్టకు. గుక్క నోట్లో పడగానే నాకు తెలిసింది, అయినా మొత్తం తాగాను. మీ అత్తయ్య ఏరినవాటిలో మిగిలింది అదొక్కటే.

అబ్బాయికి చెప్పకు, ఏడాదంతా నిన్ను ఏడిపిస్తాడు.

ఇంకో మాట. ఇవాళ పొద్దున్నే లేచి చెత్తబుట్ట వెతికాను. మొలకొచ్చిన కొసని నువ్వు దంచకుండా కోసి పారేశావు, అదే మేలైంది. దానికి బూడిద అద్ది మళ్లీ డబ్బాలో పెట్టాను.