స్క్రూడ్రైవర్ దొరికిన చోటు

అక్కా,

నేను కులాసా. పిల్లల జైల్లో ఉద్యోగమేమిటని అమ్మ బెంగపెట్టుకుందట కదా, ఈ ముక్క చదివి వినిపించు.

నిన్న వడ్రంగం క్లాసు అయ్యాక పనిముట్లు లెక్కపెడితే ఒక చిన్న స్క్రూడ్రైవర్ తక్కువైంది. అది దొరికేదాకా ఎవరూ షెడ్డు దాటకూడదు. నేను అబ్బాయిల జేబులు వెతకబోతే మా సూపరింటెండెంటు మేడం ఆపారు. "ముందు మన సంచులు చూపిద్దాం" అంటూ తన చేతిసంచీ పిల్లల ఎదుటే బల్ల మీద బోర్లించారు. ఎప్పుడూ ఆవిడ పద్ధతి అదేనట. తర్వాత నా సంచీ బోర్లిస్తే స్క్రూడ్రైవర్ టక్కున పడింది. పొద్దున దానితో కళ్ళజోడు స్క్రూలు బిగించుకుని సంచీలోనే పడేసి మర్చిపోయాను. తల కొట్టేసినట్టయింది.

"వీళ్ళకి ఏ శిక్షో మీకూ అదే" అన్నారు మేడం, గొంతు పెంచకుండా. షెడ్డంతా ఊడ్చాను. అందరికన్నా పొగరుబోతు అనుకున్నవాడు వచ్చి, "మూలల్లో పొట్టు వదిలేశారు మేడం" అని రెండో చీపురు అందుకున్నాడు. మూడు చోట్ల పనిచేశాను గానీ, ఇలా నడిపే మనిషిని చూడలేదు.

నా పాత కళ్ళజోడు పంపు, స్క్రూలు గట్టిగా బిగించి. బావగారి దగ్గు తగ్గిందా? చంటిదానికి ముద్దులు. నేను చేరాక ఇక్కడ పట్టుబడ్డ దొంగ తన చిన్న కూతురొక్కతేనని అమ్మకి చెప్పు.

నీ చెల్లి