చెత్తబుట్టలోంచి లేచివచ్చిన ఉత్తరం

16 మార్చి 1983
ఉదయం, ఆఫీసు నుంచి

ప్రియమైన అక్కకి,

నీ చెల్లెలు నమస్కరించి రాసేది. బావగారికి నా నమస్కారాలు, పాపకి ముద్దులు. ఇక్కడ నేను క్షేమం. క్షేమమేమిటి, నిన్నటి నుంచి కాళ్ళు నేల మీద నిలవడం లేదు!

మేము తయారుచేస్తున్న వర్క్‌స్టేషన్ అనే కొత్తరకం కంప్యూటరు గురించి ఇదివరకు రాశాను కదా. తెర మీద కాగితాలు, ఫైళ్ళు, చెత్తబుట్ట, అన్నీ బొమ్మలుగా కనిపిస్తాయి. మౌస్ అనే చిన్న డబ్బాని బల్ల మీద జరిపితే తెర మీద బాణం కదులుతుంది. ఆదేశాలు బట్టీపట్టి టైపు చెయ్యనక్కర్లేదు. మా సీనియర్ ఇంజనీరు ఉన్నారే, మేమంతా గడ్డం మాస్టారంటాం, ఆయన ఇదంతా పిల్లలాట అని రెండేళ్ళుగా కొట్టిపారేస్తున్నారు. చివరికి మేనేజరుగారు తేల్చేశారు. కంప్యూటరు ముట్టని మనిషి గంటలో దీని మీద ఉత్తరం రాసి దాచగలిగితే పని సాగుతుంది, లేదంటే మేము గది ఖాళీ చెయ్యాలి.

నిన్న టైపు సెక్షన్ నుంచి ఒక పెద్దావిడని పిలిపించారు. ఆవిడ ముందు మౌస్‌ని గాల్లోకెత్తి తెరకి చూపించింది. గడ్డం మాస్టారు ముసిముసి నవ్వులు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ పది నిమిషాల్లో ఆవిడకి చెయ్యి కుదిరింది, ఉత్తరం చకచకా కొట్టేసింది. తీరా ఫైల్లో పెట్టబోతూ, గురి తప్పి చెత్తబుట్టలో పడేసింది!

"అయ్యో, నా చేతులు విరగ! అంతా పోగొట్టేశానమ్మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు చటుక్కున ఏదో వెలిగింది. "బుట్ట తెరిచి చూడండి పిన్నిగారూ" అన్నాను. తెరిచింది. ఉత్తరం అక్షరం చెదరకుండా ఉంది.

"ఇరవై రెండేళ్ళుగా టైపు కొడుతున్నాను. ఒక్క తప్పు పడితే కాగితం నలిపేసి మళ్ళీ మొదటికి రావడమే గానీ, తప్పు క్షమించే బుట్టని ఇప్పుడే చూస్తున్నా" అని ఆవిడ పకపకా నవ్వింది. గదంతా నవ్వింది. మేనేజరుగారు అక్కడికక్కడే సరేనన్నారు. గడ్డం మాస్టారైతే "ఏదీ, ఓసారి ఇలా ఇవ్వమ్మా" అని మౌస్ పుచ్చుకుని సాయంత్రం దాకా వదల్లేదు.

సంతోషంతో తబ్బిబ్బవుతూ,
నీ చెల్లి

తా.క.: ఎంత ముందుచూపమ్మా నీది అని అందరూ నన్ను తెగ మెచ్చుకుంటున్నారు. నీకొక్కదానికే నిజం చెబుతున్నా. బుట్టలో పడ్డదాన్ని వెంటనే చెరిపేసే ప్రోగ్రాం నేను మొన్ననే రాయాల్సింది. బద్ధకించి రాయలేదు. ఇప్పుడేమో, అలాంటిది ఎవరూ ఎప్పటికీ రాయకూడదని మేనేజరుగారు ఆర్డరు వేశారు!