అమ్మవారి ఇసుక కింద మట్టి

సన్నదిబ్బలపాలెం,
శ్రీకాకుళం జిల్లా.
ఏప్రిల్, 2017.

నేల కాలుష్య విచారణాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఊరి పాత బోట్ల రిపేరు యార్డులో మట్టి "సంతృప్తికరము" అని తమ కార్యాలయం ఇచ్చిన నివేదికను రద్దుపరచి, సదరు స్థలాన్ని లోతుగా తవ్వి పరీక్షించి, చెడిన మట్టిని తొలగించుట గురించి.

గనగళ్ల దుర్గ అను నేను, ఎండుచేపలు అమ్ముకొని బతుకుదానను, విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు యార్డు జగన్నాధం అను షావుకారుది. ఇంజన్లలో కాలిన ఆయిలు ఏళ్ల తరబడి అక్కడే పారబోశారు. బోటు అడుగున గుల్లలు పట్టకుండా వేసే విషపు రంగును గీకి అక్కడే రాల్చారు. మూడేళ్ల క్రితం యార్డు ఎత్తేసి, షెడ్డు రేకులతో సహా అన్నీ పట్టుకుపోయారు. మట్టిని మాత్రం మాకు వదిలిపెట్టారు.

2. ఆ పక్కనే మా ఆడవాళ్లు చేపలు ఎండబెట్టుకునే కళ్లం. వాన పడితే యార్డులోంచి నల్లనీళ్లు కళ్లంలోకి దిగుతాయి. నిరుడు కోటబొమ్మాళి సంతలో ఒక ఇల్లాలు నా గంపలోని నెత్తళ్లు వాసన చూసి, "ఏటమ్మా, వీటిని సముద్రంలో పట్టినారా, పెట్రోలు బంకులో పట్టినారా?" అని అడిగింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు మా ఊరి గంప అంటేనే జనం పక్క గంపకు పోతున్నారు. ఈ కళ్లం తప్ప మాకు వేరే నేల లేదు.

3. మా మొదటి అర్జీ మీద తమ కార్యాలయం నుంచి భీమశంకరరావు గారు నిరుడు గంగమ్మ పండుగ రోజుల్లో వచ్చారు. మా ఆచారం తమకు తెలియపరచుట అవసరము. యార్డు పెట్టకముందు అది అమ్మవారి చోటు. షెడ్డు పోయాక మళ్లీ అక్కడే పండుగకు అమ్మవారి ఘటం దించుతున్నాము. దించే ముందు సముద్రపు ఒడ్డు నుంచి కొత్త ఇసుక మోసుకొచ్చి ఆ నేలంతా జానెడు మందాన పరుస్తాము. అమ్మవారిని సముద్రానికి సాగనంపేదాకా ఆ నేలలో ఇనుము దిగకూడదు.

4. సదరు అధికారి వెంట వచ్చిన బంట్రోతు గునపం ఎత్తగానే మా అత్త కూర్మమ్మ అడ్డం వెళ్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మోరు కూకున్న నేల బాబూ, ఇనుము దించకు. సాగనంపీసినాక రండి, నానే దగ్గరుండి తవ్విస్తాను" అంది. భీమశంకరరావు గారు మర్యాదస్తులు. పై ఇసుక చేత్తో సంచిలోకి ఎత్తుకొని, ప్రసాదం తీసుకొని వెళ్లారు. మళ్లీ రాలేదు. గత నెల నివేదిక వచ్చింది. అందులో "స్థలమును తవ్వి పరిశీలించగా" అని ఉంది.

ఎవరు తవ్వారయ్యా? తమరు పరీక్షించింది మేము గంపలతో మోసిన సముద్రపు ఇసుక. అది మంచిదని మాకు ముందే తెలుసు. కాకపోతే అమ్మవారి కింద పరుస్తామా?

5. ఇదే మాట అడగబోతే తమ కార్యాలయంలో "అడ్డుపడింది మీవాళ్లే కదా" అన్నారు. అడ్డుపడ్డాము, కాదనము. తవ్వొద్దంది గాని తవ్వామని రాయమని మా అత్త చెప్పలేదు. దేవత మీద భయంతో ఒక ముసలామె చెయ్యి పట్టుకుంటే, చట్టం మీద భయంతో మళ్లీ రావలసింది ఎవరు?

6. నివేదిక చదువుకున్న రోజే మేమే తవ్వాము. మోకాలి లోతున మట్టి తారులాగ ఉంది. ఊరిన నీటి మీద నూనె తేలుతోంది. షావుకారు గారు ఆ గోతిని కప్పెట్టడానికి ట్రాక్టరు నిండా ఇసుక పంపారు. డ్రైవరు గంగులు మా మరదలు గౌరికి బావ వరస. గౌరి గోతిలో దిగి కూర్చుని, "పూడ్సెయ్యి బావా, ముందు నన్ను పూడ్సెయ్యి" అంది. అతను బండి తిప్పుకున్నాడు. గోతి అలాగే ఉంది. వంతులవారీగా కాపలా ఉంటున్నాము.

7. ఇంత జరిగాక, మళ్లీ పండుగ దగ్గరపడింది గనుక "మీ ఆచారాన్ని గౌరవించి పండుగ వెళ్లాక చూస్తాము" అని తమరు సెలవిచ్చినట్టు తెలిసింది. పండుగ వెళితే వానలు. వానలొస్తే ఆ నల్లనీళ్లు మళ్లీ మా కళ్లంలోకే.

కావున తమరు స్వయంగా వచ్చి, మా ఎదుట మంచి మట్టి తగిలేదాకా తవ్వించి, చెడిన మట్టిని షావుకారు ఖర్చుతో ఎత్తించవలెను. అంతవరకు గోతి పూడ్చనివ్వము, కళ్లం విడువము. ఈ సంగతి చిత్తగించి, గునపంతో సహా దయచేయవలెను.

మట్టి ఎత్తిన రోజు నుంచి
తమ విధేయురాలు,
గనగళ్ల దుర్గ

తా.క.: మా అత్త పక్కనే కూర్చుని, తన మాట తన మాటగానే రాయమంటోంది. రాస్తున్నాను.

"బాబూ, నిరుడు ఇనుము దించొద్దన్నది నానే. ఈ ఏడు ఇసక పరవనివ్వను. అమ్మోరిని ఆ నల్లమట్టి మీదే దించుతాం. తన నేల ఎలగయిపోనాదో అమ్మోరూ సూడాల. ఆచారమని నువ్వు ఆగొద్దు. ఘటం ముందే గునపం దించు. పాపముంటే నాకు తగులుతాది. అమ్మోరికి నాను సెప్పుకుంతాను. నువ్వు రాకపోతే ఏటి సెప్పుకుంతావో సూసుకో."