తెర కప్పిన ఆదివారం

బావగారికి,

మీరు అలిగి మా చిత్రకారుల ఆన్‌లైన్ గ్రూపులోంచి వెళ్ళిపోయారని అక్క ఫోన్‌లో చెప్పింది. భోజనం కూడా గది తలుపు వేసుకునే చేస్తున్నారట. నొక్కితే గానీ కనబడకుండా మీ బొమ్మ మీద తెర కప్పింది నేనే. గ్రూపు చూసుకునేదాన్ని కాబట్టి తప్పలేదు.

నగ్నచిత్రం గీయడం తప్పని నేనెప్పుడూ అనలేదు. దానికి ‘ఆదివారం మధ్యాహ్నం’ అని పేరు పెట్టి, ఇంకేమీ రాయకుండా పంపారు చూడండి, అదే కొంప ముంచింది. మన సభ్యుల్లో బీమా ఆఫీసాయన తాను వేసిన చెట్టు బొమ్మ చూపిద్దామని మీటింగులో గ్రూపు తెరిచాడు. పెద్ద తెర మీద ముందుగా మీ ఆదివారం ప్రత్యక్షమైంది. మేనేజరుగారు సంజాయిషీ అడిగారు. నేను వెళ్ళి చెబితే గానీ మన సభ్యుడి ఉద్యోగం గట్టెక్కలేదు. “ముందు ఒక్క మాట రాసి ఉంటే బాగుండేదండీ” అన్నాడు, అంతే.

మీ బొమ్మకు నమూనాగా కూర్చున్న ఆవిడనూ అడిగాను. “కావాలని చూసేవాళ్ళు చూస్తే నాకేం ఫరవాలేదమ్మా. అక్కర్లేనివాళ్ళ ముందు మాత్రం నన్ను నిలబెట్టకండి” అంది.

అందుకే ‘నగ్నచిత్రం, బొగ్గుతో గీసినది’ అని రాసి తెర కప్పాను. ఇష్టమున్నవాళ్ళు తీసి చూస్తున్నారు. నిన్న మా అమ్మ కూడా చూసింది. మీరు భయపడే మాట ఒక్కటీ అనలేదు. కళ్ళజోడు సర్దుకుని, “అల్లుడుగారు ఎడమ చెయ్యి కాస్త పొడుగ్గా గీశారే” అంది.

తిరిగి గ్రూపులోకి వచ్చి అమ్మకు మీరే జవాబు చెప్పుకోండి.

మీ మరదలు