పైకి చెప్పాలి

ఫిబ్రవరి 3, సోమవారం

లారీ డ్రైవింగ్ స్కూల్లో ఇవాళ లాగ్‌బుక్ ఇచ్చారు. ఎన్ని గంటలు బండి నడిపామో, ఎన్ని గంటలు పడుకున్నామో రోజూ రాయాలట. ముందు పేజీలు వాళ్ళకి. వెనక పేజీలన్నీ ఖాళీ. అవి నాకు.

నలభై ఆరేళ్ళకి మళ్ళీ అక్షరాభ్యాసం. ఇరవై రెండేళ్ళు అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మడత మిషను నడిపాను. ఆ మోతలో మాట్లాడి లాభం లేదు, అందరం చేతులతోనే కానిచ్చేవాళ్ళం. ఫ్యాక్టరీ మూసేశారు. చేతులు మిగిలాయి, నోరు అక్కడే పోయింది. అమ్మ మాత్రం ఒప్పుకోదు. పుట్టినప్పట్నుంచీ అంతే, వీడు మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయి అంటుంది.

మా బ్యాచిలో ఇద్దరమే. రెండో ఆవిడ లెక్కల టీచరు. పిల్లలకి చెప్పి చెప్పి విసుగొచ్చి మానేసిందట. లారీ అయితే ఎదురు చెప్పదు కదన్నయ్యా అంది. తలూపాను. నేర్పే ఆయనకి అరవై దాటాయి. ఏ మాటకైనా ముందు అద్దం చూడు అంటాడు, తర్వాతే విషయం. అందుకని అద్దాల మాస్టారు.

లారీయే ఎందుకని మాస్టారు ఇద్దర్నీ అడిగాడు. టీచరమ్మ పావుగంట చెప్పింది. నేను ఉద్యోగం కోసం అన్నాను. అది సగం నిజం. మిగతా సగం, ఇక్కణ్ణుంచి లారీలు రేవు పట్నానికి వెళ్తాయి. మా ఆవిడ రేవులో ఉంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

క్లచ్చు తొక్కి తొక్కి ఎడం మోకాలు బిగుసుకుపోయింది. మెట్లు వెనక్కి తిరిగి దిగాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఆదివారం ఫోను రోజు. ముందు అమ్మ మా ఆవిడతో మాట్లాడుతుంది, అరగంట. ఆ ఇద్దరూ అత్తాకోడళ్ళంటే ఎవరూ నమ్మరు. తర్వాత ఫోను నా చేతికొస్తుంది. తిన్నావా అంటాను. తిన్నాను, మీరు తిన్నారా అంటుంది. ఆఁ అంటాను. ఇంకేంటి విశేషాలు అంటుంది. ఏమున్నాయి అంటాను. సరే అయితే, ఉంటానండీ అంటుంది. నాలుగు నెలలుగా ఇదే. పెట్టేశాక చెప్పాల్సినవన్నీ వరసగా గుర్తొస్తాయి.

రేవులో పెద్దాసుపత్రి ఉంది. దుప్పట్లు, కర్టెన్లు, రోగుల గౌన్లు కుట్టే గదికి తను ఇన్‌ఛార్జి. ఆర్నెల్ల కాంట్రాక్టు, మార్చి 31తో సరి. ఇవాళ అమ్మ చెప్పింది, ఇంకో మూడేళ్ళకి సంతకం పెట్టమంటున్నారట. నాకు చెప్పలేదు, అమ్మకి చెప్పింది. నువ్వేమంటావురా అని అమ్మ అడిగింది. అది తన ఇష్టం కదా అన్నాను. అమ్మ చేతిలో గరిటె సింకులో పడేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 12, బుధవారం

మొదటిసారి రోడ్డు మీదికి. ఆ సీటు ఎంత ఎత్తంటే గోడల అవతలివన్నీ కనిపిస్తాయి. డాబా మీద ఒకావిడ దుప్పటి ఆరేస్తోంది, మొగుడు రెండో కొస పట్టుకున్నాడు. అలాంటివి చూసి ఇదివరకు మొహం తిప్పుకుని ఎరగను, ఇవాళ తిప్పుకున్నాను. అద్దం చూడు అని మాస్టారు అరిచాడు.

ఫిబ్రవరి 18, మంగళవారం

ట్రైలరు రివర్సు. మామూలు బండి లాంటిది కాదు, తోక కుడికి పోవాలంటే స్టీరింగు ఎడమకి తిప్పాలి. టీచరమ్మ పొద్దుటి నుంచి మూడు కోన్లని పచ్చడి చేసింది. ఇది ఏ లెక్కకీ అందడం లేదంది. నాకు మూడోసారికే వచ్చేసింది. ఎలాగంటే చెప్పలేను, చేతికి అర్థమైపోయింది. మాస్టారు భుజం తట్టి, నీ చేతిలో పని ఉందయ్యా అన్నాడు.

ఇంటికి వచ్చేదాకా నా కాళ్ళు నేల మీద లేవు. అమ్మకి చెప్పాను. నాకు కాదు, దానికి చెప్పు అంది. ఆదివారం చెప్తాలే అన్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

చెప్పలేదు. తిన్నావా అన్నాను.

ఫిబ్రవరి 26, బుధవారం

ఫెయిల్.

రివర్సులో కాదు, రోడ్డు మీదా కాదు. బండి కదలకముందే. చుట్టూ తిరిగి బండిని తనిఖీ చెయ్యాలి, మొదటి పరీక్ష అదే. చేశాను. పద్దెనిమిది టైర్లూ తడిమి చూశాను. నట్లు పట్టి చూశాను, బ్రేకుల గాలి గొట్టాలు నొక్కి చూశాను, ట్రైలరు కిందికి దూరి మరీ దాన్ని ముందు బండికి పట్టి ఉంచే లాకు చూశాను. చొక్కా నిండా గ్రీజు. ఇన్‌స్పెక్టరు ప్యాడు పట్టుకుని నా వెనకే తిరిగాడు. చివర్న కాగితం నా చేతిలో పెట్టాడు. వరసగా సున్నాలు.

అన్నీ చూశాను కదండీ అన్నాను. చూశావేమో, నాకెలా తెలుస్తుంది అన్నాడు. ఏం చూశావో, అది ఎలా ఉందో నోటితో పైకి చెప్పాలి, చెప్పకపోతే చూడనట్టే లెక్క అన్నాడు. మాస్టారు ఈ సంగతి రోజూ మొత్తుకున్నాడు. చెయ్యి పెట్టి చూపిస్తుంటే మళ్ళీ చెప్పేదేమిటి, ఆయనకి కళ్ళు లేవా అనుకున్నాను నేను. టీచరమ్మ గడగడా అప్పజెప్పింది. పాసయింది.

మళ్ళీ పరీక్ష మార్చి 14న.

ఫిబ్రవరి 27, గురువారం. ఉదయం 5:30

ఇన్‌స్పెక్టర్ని తిట్టుకోవడం అయిపోయింది. ఇక రాయాల్సింది రాస్తాను.

సెప్టెంబరు ఆఖరు. మంచం మీద మా ఆవిడ సూట్‌కేసు తెరిచి ఉంది. ఊదారంగు స్వెట్టరు సర్దింది, తీసింది, మళ్ళీ సర్దింది, మళ్ళీ తీసింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. వెళ్ళమంటారా, వద్దంటారా అని అడిగింది. నీ ఇష్టం అన్నాను.

పెద్దమనిషిలా మాట్లాడాననుకున్నాను. పెళ్ళానికి అడ్డుపడే రకాన్ని కానని గొప్ప. తను స్వెట్టరు పట్టుకుని ఇంకాసేపు నిలబడింది, ఇంకేమైనా అంటానేమోనని. అది నాకు తెలుసు. స్వెట్టరు రెండుసార్లు తియ్యడం చూశాను. కళ్ళు ఎర్రబడ్డం చూశాను. జిప్పు సగంలో ఆపడం చూశాను. ఒక్కటీ పైకి అనలేదు. స్వెట్టరు ఇక్కడే వదిలేసి వెళ్ళింది. రేవులో చలిగాలులట.

తను లేకపోతే నాకు బాగోలేదు. ఇది రాయడానికి ఐదు నెలలు పట్టింది. రాతకి మార్కుల్లేవు.

మార్చి 2, ఆదివారం

టీచరమ్మ ఇంటికి వచ్చింది. తనకి లైసెన్సు వచ్చేసినా నన్ను వదల్లేదు. లారీ దాకా ఎందుకన్నయ్యా, వంటింట్లో మొదలుపెట్టు అంది. కనిపించినదల్లా పేరు పెట్టి, ఎలా ఉందో చెప్పాలట. సిగ్గుతో చచ్చాను. గ్యాసు గొట్టం, పగుళ్ళు లేవు. రెండో బర్నరు, మూసుకుపోయింది. కుళాయి, కారుతోంది. ఏడాది నుంచి చెవినిల్లు కట్టుకుని చెప్తున్నాను, ఇవాళ కనబడిందా అంది అమ్మ. నా సంగతి కూడా చెప్పరా అంది. అమ్మ, కళ్ళజోడు కాడ విరిగింది, దారంతో కట్టి ఉంది అన్నాను. మోకాళ్ళు రెండూ అరిగాయి, అదీ రాసుకో అంది. టీచరమ్మకి నవ్వి నవ్వి టీ పొలమారింది.

వాళ్ళిద్దరూ కబుర్లలో ఉండగా నేను పడగ్గదిలోకి వెళ్ళి ఒక్కణ్ణే చెప్పుకుంటూ పోయాను. ఫ్యాను, చప్పుడు చేస్తోంది. కిటికీ గొళ్ళెం, సరే. స్వెట్టరు, కొక్కేనికి ఉంది, దుమ్ము పట్టింది. ఆడవాళ్ళ చెప్పులు, ఒక జత. ఆ తర్వాత లైటు ఆపి బయటికొచ్చేశాను.

మార్చి 3, సోమవారం

కుళాయి బాగు చేశాను. పైకి కూడా చెప్పాను. అమ్మ చప్పట్లు కొట్టింది.

మార్చి 14, శుక్రవారం

పాస్. ఇరవై రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాను. నా జన్మలో అంత మాట్లాడింది లేదు. చాలయ్యా బాబూ, ఇక బండెక్కు అన్నాడు ఇన్‌స్పెక్టరు. రివర్సు ఒక్క దెబ్బకి అయిపోయింది. రోడ్డు పరీక్ష కూడా గట్టెక్కాను. లైసెన్సు జేబులో ఉంది, అరగంటకోసారి తడిమి చూసుకుంటున్నాను.

అమ్మ రేవుకి ఫోను చేసి వీధి వీధంతా వినబడేలా చెప్పింది. ఫోను నాకిచ్చింది. చాలా సంతోషమండీ అంది తను. ఆఁ అన్నాను. తిన్నావా అన్నాను. నా తలకాయ. పద్దెనిమిది టైర్ల గురించి చెప్పిన నోరు ఇక్కడికొచ్చేసరికి మూతపడిపోతుంది.

మార్చి 20, గురువారం

ట్రాన్స్‌పోర్టులో చేరి మూడు రోజులు. ఎవరు ఎక్కడికి వెళ్ళాలో ఒక అమ్మాయి బోర్డు మీద రాస్తుంది. కొత్తవాళ్ళకి దగ్గరి ట్రిప్పులే బాబాయ్, రేవు మూణ్ణెల్ల తర్వాత అంది. సరేనని తలూపి గుమ్మం దాకా వచ్చేశాను. మళ్ళీ వెనక్కి వెళ్ళాను. నాకు రేవు కావాలి, 31 లోపల కావాలి అన్నాను. ఎందుకంది. మా ఆవిడ అక్కడుంది అన్నాను.

గదిలో ఆరుగురు డ్రైవర్లున్నారు. అందరూ టీ గ్లాసులు దించి చూశారు. ఒకడు ఈల వేశాడు. నా చెవులు కాలిపోయాయి. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు, డస్టరు తీసుకుని ఒక పేరు చెరిపి నా పేరు రాసింది. 28, శుక్రవారం.

మార్చి 23, ఆదివారం

శుక్రవారం వస్తున్నాను, లోడుతో అని చెప్పాను. నిజంగానా అంది. ఆఁ అన్నాను. ఇంకేమైనా చెప్పాలా అంది. నాలిక చివరిదాకా వచ్చింది. ఇంత సంగతి ఫోన్లో ఏం బాగుంటుంది, ఎదురుగా నిలబడి చెప్తే పోలా అనుకున్నాను. 31 దాకా టైముంది. ఏం లేదు, తిన్నావా అన్నాను.

మార్చి 27, గురువారం

స్వెట్టరు ఉతికి ఆరేశాను. అమ్మ చూసి, ఇంకో క్లిప్పు తెచ్చి పెట్టింది.

మార్చి 28, శుక్రవారం. సాయంత్రం 4:15, దారిలో, లారీలు ఆగే చోట

పొద్దున ఐదున్నరకి బయల్దేరాను. లోడు బాత్రూం టైల్సు. ఐదు గంటల దారంతా ఒకటే ప్రాక్టీసు. సంతకం పెట్టొద్దు, వచ్చెయ్. గేరు మార్చినప్పుడల్లా పైకి అన్నాను. బాగానే వచ్చింది.

లోడు దించేసరికి ఒంటిగంట. భోజనాల టైముకి తను లారీలు నిలిపే యార్డుకి వచ్చింది. మెడలో ఆసుపత్రి కార్డు, చేతిలో డబ్బా. చిక్కింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, బాగుంది. బాగుందని అనలేదు. ఇంత పెద్ద బండా అంది. ఆఁ అన్నాను. డబ్బాలోది ఇద్దరం పంచుకుని తిన్నాం. అత్తయ్య ఎలా ఉన్నారని అడిగింది. కుళాయి బాగు చేశానన్నాను. అంతే. ప్రాక్టీసంతా గాలికి పోయింది.

రెండయింది. బయల్దేరే ముందు తనిఖీ చెయ్యాలి. మొదలుపెట్టాను. ఇప్పుడది అలవాటైపోయింది, నోరు దానంతటదే నడుస్తుంది. ముందు ఎడమ టైరు, గాలి సరే, కోతలు లేవు. లైట్లు, సరే. గాలి గొట్టాలు, సరే. లాకు, పడింది. తను వింత చూస్తున్నట్టు నా వెనకే నడిచింది. పంతొమ్మిదేళ్ళ కాపురంలో నేనింత మాట్లాడగా తను వినలేదు. చుట్టూ తిరిగి వచ్చి అటువైపు తలుపు తీశాను. పక్క సీటు, బెల్టు సరే, సీటు ఖాళీ అన్నాను. పరీక్షలో అయితే అక్కడితో ఆపాలి. ఆగలేదు. సీటు మీద స్వెట్టరు ఒకటి, ఉతికింది అన్నాను. ఇంట్లో మంచం, ఒక పక్క ఖాళీ, ఆర్నెల్లుగా ఖాళీ. ఆ రోజు నీ ఇష్టం అన్నది అబద్ధం. నాకు ఇష్టం లేదు. నువ్వు లేకపోతే నాకు బాగోలేదు. సంతకం పెట్టొద్దు.

అంతా అదే గొంతుతో, టైర్ల గురించి చెప్పినట్టే, తలుపు వంక చూస్తూ చెప్పాను. తిరిగి చూస్తే తను ఏడుస్తోంది.

మొన్న బుధవారం పెట్టేశానండీ అంది.

ఆఫీసువాళ్ళు 31 దాకా ఆగకుండా బుధవారమే సంతకం అడిగారట. మూడేళ్ళంటే కుదరదని ఏడాదికి ఒప్పుకుందట. ఆదివారం ఫోన్లో చివరిదాకా చూశాను, ఒక్క ముక్క అంటారేమోనని, మీరు తిన్నావా అన్నారు అంది. పని నచ్చింది, ఆ గది నా చేతుల మీద నడుస్తోంది, మాటిచ్చి వెనక్కి తీసుకోలేను అని కూడా అంది. నాకు కోపం రాలేదు. వస్తే ఎవరి మీద రావాలి?

స్వెట్టరు వేసుకుంది. ఎండ మండిపోతున్నా వేసుకుంది. ఇంకోసారి చెప్పండి అంది. ముందు ఎడమ టైరు అన్నాను. అది కాదు, చివరిది అంది. చెప్పాను. మళ్ళీ చెప్పమంది. ఈసారి తన మొహం చూస్తూ చెప్పాను.

ఇక్కడ ఆగాక బోర్డు రాసే అమ్మాయికి ఫోను చేశాను. ఏడాదిపాటు ప్రతి శుక్రవారం రేవు నాకే వెయ్యమన్నాను. ఎందుకని అడగలేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం. మధ్యాహ్నం 2:20, యార్డు గేటు బయట

టైర్లు పద్దెనిమిది, సరే. లైట్లు, సరే. గాలి గొట్టాలు, సరే. లాకు, పడింది. అద్దాలు రెండూ, శుభ్రం.

పక్క సీటు, గేటు దాకా ఖాళీ లేదు. తను బెల్టు పెట్టుకుంది.

గేటు దాటాక, ఖాళీ. పైకే చెప్పాను.