మావయ్య ఓటు

మా చిట్టితల్లికి,

నాన్న దీవిస్తూ రాస్తున్న కబుర్లు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వు కూడా వేళకి తింటూ, కంటినిండా నిద్రపోతూ కులాసాగా ఉన్నావనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను. అమ్మ మోకాలినొప్పి తగ్గింది. తగ్గిందని తనే అంటుంది, మెట్లెక్కేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటుంది. నేను చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాను. నువ్వు అడిగిన స్వెట్టర్ పంపాం. చేతులు పొడవైతే నన్ననకు, కొలత చెప్పింది మీ అమ్మే.

ఇక నీ ప్రశ్న. మొన్నటి శాసనసభ ఎన్నికల్లో దొంగ ఓట్లు పడ్డాయని మీ రంగుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో అందరూ అంటున్నారని రాశావు. చనిపోయినవాళ్ల పేర్లు ఇంకా జాబితాలో ఉండటమే అందుకు సాక్ష్యమట. "నువ్వు ఎలక్షన్ డ్యూటీలో కూర్చున్నావు కదా నాన్నా, ఉన్నదున్నట్టు చెప్పు" అన్నావు.

పేర్లు ఉన్న మాట నిజమే. మా నీటి సరఫరా ఆఫీసులో కూడా అంతే. పోయిన మనిషి పేరు మీదే బిల్లు వెళుతూ ఉంటుంది, ఇంట్లోవాళ్లు కడుతూ ఉంటారు. పేరు తీయించాలంటే ఎవరో ఒకరు వచ్చి "ఆయన లేరు" అని చెప్పాలి. ఆ మాట అనడానికి చాలామందికి నోరు రాదు. అంతమాత్రాన ఆ పేరు మీద ఓటు పడినట్టు కాదు. అలా వేసి దొరికితే జైలు, దొరక్కపోతే దక్కేది ఒక్క ఓటు. ఫలితం తారుమారు కావాలంటే అంత తెగించినవాళ్లు వందలమంది కావాలి, వాళ్లలో ఒక్కరూ నోరు జారకూడదు. మన వీధిలో ఎవరింట్లోనైనా పెళ్లి సంబంధం కుదిరితే ఆ సంగతి సాయంత్రం దాకా దాగదు. నువ్వే ఆలోచించు.

అసలెప్పుడూ జరగదని మాత్రం ప్రమాణం చేయలేను. ఒకటి నా కళ్లముందే జరగబోయింది. అది చెప్పాలంటే, నేను దాటేస్తూ వస్తున్న నీ ఇంకో ప్రశ్నకి కూడా జవాబు చెప్పాలి. అత్తయ్య ఎలా ఉందని పాపం ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు.

మావయ్య మంచం పట్టినప్పుడు ఇంటినుంచే ఓటు వేస్తానని దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ ఓటు కాగితం, కవరు ఆయన పోయాక వచ్చాయి. పోలింగ్ రోజున అలాంటి కవర్లు తీసుకునే బల్ల దగ్గర నేనే ఉన్నాను. మా అక్క, అదే మీ అత్తయ్య, తన ఓటు వేసేసి నేరుగా నా దగ్గరికి వచ్చి, సంచిలోంచి ఒక కవరు తీసి ఇచ్చింది. దాని మీద మావయ్య పేరు ఉంది. సంతకం అక్క చేతిది.

"ఇదేంటక్కా?" అన్నాను గొంతు తగ్గించి.

"మీ బావది. పెట్టెలో వెయ్యి."

"బావ లేడు కదక్కా."

"నాకు తెలీదంట్రా? ఆయన ఎవరికి వేసేవాడో వాళ్లకే వేశాను. ఆ మనిషి మొహం చూస్తేనే నాకు ఒళ్లు మంట, అయినా వేశాను. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయనది అటు, నాది ఇటు. తగువాడుకుంటూ వచ్చి చెరోటీ వేసి, తగువాడుకుంటూ ఇంటికెళ్లేవాళ్లం. ఇవాళ నాదొక్కటే వేస్తుంటే, ఆయన చూడకుండా దొంగాట ఆడినట్టనిపించిందిరా."

ఇప్పుడు చెప్పేది మీ అమ్మకి కూడా చెప్పలేదు. నేను ఆ కవరు వెనక్కి ఇవ్వలేదు. పార్టీల ఏజెంట్లు టీ తాగుతూ అటు తిరిగి ఉన్నారు. కవర్లన్నిటినీ తర్వాత మరణాల రిజిస్టరుతో సరిచూస్తారనీ, అక్కడ ఇది ఆగిపోతుందనీ నాకు తెలుసు. ఆ క్షణాన అదేదీ తోచలేదు. మా బావ ఒక్కడే కళ్లలో మెదిలాడు. కవరు పెట్టె అంచుదాకా తీసుకెళ్లాను.

అక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఇటియ్యరా. నిన్ను ఇందులోకి లాగుతున్నానని నాకు తట్టనేలేదు."

కవరు తీసుకుని మా పోలింగ్ ఆఫీసరమ్మ దగ్గరికి తనే వెళ్లింది. "మా ఆయన పోయాడమ్మా. ఇది ఆయనకొచ్చింది, నేను నింపాను. ఆయన పేరు కొట్టేయండి" అంది. "పోయాడు" అన్న మాట అక్క నోట వినడం నాకదే మొదటిసారి. ఆవిడ మా అక్కని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. రెండు పార్టీల ఏజెంట్లనీ పిలిచి, వాళ్లెదుటే కవరు మీద రద్దు అని రాసింది. "పెట్టెలో పడలేదు కాబట్టి ఇంతటితో సరిపోయింది. ఇంకెప్పుడూ ఒకరి సంతకం ఇంకొకరు పెట్టకూడదు పెద్దమ్మా" అంది.

నా చెయ్యి ఎందాకా వెళ్లిందో సాయంత్రం నేనే ఆవిడకి చెప్పాను. లెక్కింపు రోజున మీరు రావద్దు అంది. సబబే. మీ అమ్మకి మాత్రం నా నడుం పట్టేసిందని, అందుకే లెక్కింపుకి వెళ్లట్లేదని చెప్పాను. పాపం, వేడినీళ్ల కాపడం కూడా పెట్టింది.

మా దగ్గర అత్తయ్య పక్షమే గెలిచింది. సంతోషిస్తుందని చెప్పడానికి వెళ్లాను. టీవీ కట్టేసి కూర్చుని ఉంది. "గెలిస్తే మాత్రం ఏం లాభంరా, ఇంట్లో ఉడుక్కునేవాళ్లెవరున్నారు?" అంది.

అందుకని నీకో పని చెబుతున్నాను. అత్తయ్యకి ఉత్తరం రాయి. ఓదార్పులు వద్దు, వాటితో విసిగిపోయి ఉంది. మావయ్య పక్షం పట్టుకుని, ఈ గెలిచినాయన దేనికీ పనికిరాడని గట్టిగా వాదిస్తూ రాయి. నీకు రాజకీయాలు తెలియవని వెనకాడకు. మావయ్యకీ పెద్దగా తెలియవు.

నీ ఉత్తరం అందిన రోజున అత్తయ్య నిన్ను తిట్టే తిట్లు వినడానికి నేనూ అమ్మా వెళ్లి ఎదురుగా కూర్చుంటాం.

ఇట్లు,
ఆ తిట్ల కోసం ఎదురుచూస్తున్న
మీ నాన్న