గోడ మీద ఒకటే చార

హాల్వర్,

మంచు కరిగి రెడ్ రివర్ పొంగి, మా నేలమాళిగ నిండినప్పుడు నువ్వు ఫోన్ చేశావు. "బావా, రోజుకు రెండడుగులే తోడు. బయట మట్టి నానిపోయుంది, లోపలి నీళ్లే గోడను నిలబెడుతున్నాయి." "నాకే నేర్పొచ్చావా!" అని నవ్వి, సాయంత్రానికల్లా మొత్తం తోడేశాను. తెల్లారేసరికి గోడ లోపలికి కూలింది.

ఆదివారం చర్చిలో కాఫీ తాగుతూ, "మా బావమరిది కట్టిన గోడ మరి!" అన్నాను. అందరూ నవ్వారు. మూడు వారాలుగా నిన్నెవరూ పనికి పిలవడం లేదట.

నిన్న నువ్వే వచ్చావు. నెమ్మదిగా తోడి ఉంటే, మిగిలిన గోడ మీద రోజుకొకటి చొప్పున బురద చారలు ఉండాలి. ఒక్కటే ఉంది. దాన్ని వేలితో తడిమి, "సిమెంటు కలుపుతావా బావా?" అన్నావంతే.

ఈ ఆదివారం అందరినీ మా ఇంటికే, ఆ గోడ దగ్గరికే కాఫీకి పిలిచాను. అప్పటిదాకా ఆ చార చెరపకు.

నీ బావ